తానుకు కుట్టిన ఇత్తడి ఉంగరాలు

ఇంటికి గ్యాస్ సిలిండర్ వస్తే తూకం చూడనిదే నేను ఇప్పటికీ సంతకం పెట్టను. తెచ్చినతను విసుక్కుంటాడు. మా ఆవిడ లోపలి నుంచి, "ఆయనతోని పెట్టుకోకు బిడ్డా, జల్ది తూకమేసి పో" అంటుంది. నవ్వుకోండి, నాకేం బాధ లేదు. ఉద్యోగ జీవితమంతా స్టోర్‌కీపర్‌గా గడిపినవాడికి అనుమానం అలవాటు కాదు, అవయవం. ఆ అవయవం ఒకసారి ఎంత పని చేసిందో చెబుదామనే ఇది రాస్తున్నాను. మీలో ఎవరైనా మ్యూజియంలోనో, గోదాములోనో, ఇతరుల వస్తువులు కాపాడే ఏ ఉద్యోగంలోనో చేరబోతుంటే కాస్త ఓపికగా చదవండి.

ఖతర్‌లో నా మొదటి ఉద్యోగం ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ సైటు స్టోర్లో. అక్కడ రాగి కేబుల్ డ్రమ్ములు మాయమయ్యాయి. గేట్ పాస్ మీద సంతకం నాది. నేను తీయలేదని తేలడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ క్యాంపులో ఎవరూ నా పక్కన కూర్చుని అన్నం తినలేదు. తర్వాత బయటపడిందేమిటంటే, ఎత్తుకుపోవాల్సిన డ్రమ్ముకు దొంగలు ముందురోజే చిన్న తీగ ముక్క చుట్టి పెట్టేవాళ్ళు. లారీతో వచ్చినవాడు ఆ గుర్తున్న డ్రమ్మునే ఎత్తేవాడు. ఆ తీగ ముక్కల్ని నేను రోజూ చూశాను. చెత్త అనుకుని వదిలేశాను. ఇక జన్మలో దేన్నీ చెత్త అనుకోకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

తర్వాత ఒక విశ్వవిద్యాలయ మ్యూజియంలో స్టోర్‌కీపర్ కావాలంటే చేరాను. చమురు ధర రోజుకో మెట్టు ఎక్కుతున్న కాలం. దోహాలో ఎటు చూసినా క్రేన్లే. మ్యూజియం భవనం ఇంకా కడుతున్నారు, వస్తువులు మాత్రం అప్పుడే వచ్చిపడుతున్నాయి. వాటిని అల్ తుమామాలో ఒక అద్దె విల్లాలో పెట్టారు. పొద్దున్నే నజ్మాలోని నా గది నుంచి స్టాఫ్ బస్సులో అక్కడికి వెళ్ళేవాణ్ణి. ఇంటికి ఫోన్ చేసి కొత్త ఉద్యోగం సంగతి చెబితే మా ఆవిడ, "దుబాయ్‌ల గూడ పాత సామాన్లకు కావలి ఉంటరా?" అంది. మా ఊరికి గల్ఫ్ అంతా దుబాయే. నాకూ మొదట అలాగే అనిపించింది.

మా పైఅధికారి ఒక ఖతరీ ప్రొఫెసరమ్మ. అందరం డాక్టర్ అనేవాళ్ళం. ఆమె మొదలుపెట్టింది ఫిలిప్పీన్స్ వస్తువుల సేకరణ. ముస్లిం దక్షిణ ప్రాంతపు ఇత్తడి గంటలు, వడ్లకొట్టు కాసే కొయ్యబొమ్మలు, వెదురు బుట్టలు, చాపలు, బట్టలు. మిగతావాళ్ళు అరబ్బుల పడవలూ ముత్యాలూ సేకరిస్తుంటే ఈమెకు ఇదేం పిచ్చి అనుకున్నాను. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"నన్ను పెంచింది ఫిలిప్పీన్స్ ఆమె," అంది డాక్టర్. "పన్నెండేళ్ళు మా ఇంట్లో ఉంది. ఆమెకు వంట వచ్చని తెలుసు, ఇస్త్రీ వచ్చని తెలుసు. ఇంకేం వచ్చో మేమెవరమూ అడగలేదు. ఈ ఊళ్ళో అలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారు! విశ్వవిద్యాలయం కూడా అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?"

మాట బాగానే ఉంది. నేను మాత్రం పూర్తిగా నమ్మలేదు. పెద్దవాళ్ళు మంచి మాటలు చెబుతుంటే వెనకాల ఏదో ఉందనుకోవడం నా స్వభావం. కానీ శుక్రవారాలు విల్లా ముందు గదిలో కొన్ని వస్తువులు పెట్టి ఫిలిప్పీన్స్ పనివాళ్ళను రానిచ్చేవాళ్ళం. ఒక నర్సు వచ్చి, మేము బుట్ట అని రాసిన దాన్ని చూసి, అది వేటకు పోయేవాళ్ళు వీపున తగిలించుకునే సంచి అని చెప్పింది. డాక్టర్ అప్పటికప్పుడు కార్డు కొట్టేసి కొత్తది రాసింది. చదువుకున్నవాళ్ళు తమ రాతను అంత తేలిగ్గా కొట్టేసుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఇక అసలు మనిషి సంగతి. బట్టల విభాగంలో ఒక ఫిలిప్పీన్స్ ఆమె పనిచేసేది. నలభై ఏళ్ళుంటాయి. అల్ ఘర్రాఫాలో ఒక ఇంట్లో పనిమనిషిగా వచ్చి, ఆ యజమాని దగ్గర విడుదల కాగితం తీసుకుని, క్లీనింగ్ కంపెనీ వీసా మీద మా దగ్గరికి చేరింది. తుడవడానికి వచ్చిన మనిషే, కానీ చిరిగిన బట్ట మీద ఆమె వేసిన కుట్టు చూసి డాక్టర్ సూది చేతికిచ్చింది. వాళ్ళ భాషలో అక్కను ఆతే అంటారు. మేమంతా ఆమెను ఆతే అనేవాళ్ళం. ఆమె నన్ను కూయా అనేది, అంటే అన్న. నాకు ఆమె భాష రాదు, ఆమెకు నా భాష రాదు. విరిగిన ఇంగ్లీషు, కొంచెం హిందీ, దాని మీద గుప్పెడు అరబ్బీ చల్లుకుని మాట్లాడుకునేవాళ్ళం.

ఆ ఏడాది టిబోలీ అనే కొండజాతి వాళ్ళ బట్ట రెండు తానులు వచ్చాయి. అబాకా అని అరటి జాతి మొక్క ఉంది, దాని నారతో నేస్తారు. నారను ముందే ముడులు కట్టి రంగు వేసి తర్వాత మగ్గమెక్కిస్తారు, మన పోచంపల్లి పద్ధతే. ఎరుపు, నలుపు, నార రంగు. పైన గవ్వతో రుద్ది మెరుగు పెడతారు. నేసే ఆడవాళ్ళకు ఆ డిజైన్లు కలలో వస్తాయట. ఆతే ఆ జాతి మనిషే. ఆ తానులు విప్పిన రోజు చాలాసేపు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. ముట్టుకోలేదు. నేను అది కూడా మనసులో రాసుకున్నాను. రోజూ బట్టలు ముట్టుకునే మనిషి దీన్నెందుకు ముట్టుకోలేదు?

ఒక తాను ప్రదర్శనకు. రెండోదాన్ని ముక్కలు చేసి, విద్యార్థులు చేత్తో తాకి చూడటానికి ఇవ్వాలని నిర్ణయం. కోసే పని నా మీద పడింది. గురువారం కోసి, ముక్కలకు నంబర్లు వేయమని నా పేరున కాగితం వచ్చింది. ఆ కాగితం నోటీసు బోర్డు మీద కూడా అంటించారు.

ఆ కాగితం వచ్చిన దగ్గరి నుంచి ఆతే తీరు మారింది. పొద్దున బస్సు దిగగానే అందరికంటే ముందు లోపలికి పోయేది. నేను వస్తే ఫోన్లో మాట్లాడుతున్నది ఆపేసేది. కత్తెర ఎక్కడ పెడతారని ఒకసారి అడిగింది. "నా బల్ల సొరుగులో. ఎందుకు?" అన్నాను. "మాఫీ ముష్కిల్ కూయా, ఏం లేదు, ఊరికే," అంది. ఊరికే అన్న మాట విన్నప్పుడల్లా నాకు చెవులు నిక్కబొడుచుకుంటాయి.

సోమవారం రెండో తాను బయటికి తీసి చూశాను. పై మడత కింద, చివరి అంచుకు, బొటనవేలి గోరంత ఇత్తడి ఉంగరం కుట్టి ఉంది. సన్నని కుట్టు, ఆతే కుట్టు. నా రిజిస్టరులో ఉంగరం లేదు. కళ్ళ ముందు రాగి డ్రమ్ములూ తీగ ముక్కలూ తిరిగాయి. ఎత్తుకుపోవాల్సిన దానికి గుర్తు పెట్టారు! కోసి, నంబర్లు వేసి, గందరగోళంగా ఉన్న రోజున గుర్తున్న ముక్క మాయమవుతుంది, సంతకం మళ్ళీ నాదే ఉంటుంది. ఉంగరాన్ని బ్లేడుతో కత్తిరించి కవరులో వేసి అతికించాను. డ్యూటీ దిగేముందు తాను పెట్టిన బీరువా సొరుగు పిడికి నల్లదారం ఒకటి కట్టి పోయాను. పొద్దున వచ్చేసరికి దారం తెగి ఉంది. తాను రెండో కొనకు ఇంకో ఉంగరం.

గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు మావైపే, జగిత్యాల మనిషి. నా కంటే నాలుగైదేళ్ళు చిన్న. అతన్ని పిలిచి చూపించాను.

"అన్నా, నువ్వు ఊకె పరేషాన్ అయితున్నవ్," అన్నాడు. "ఆమెను ఒక్క మాట అడుగరాదు? పక్క రూముల్నే ఉన్నది గద."

"అడిగితే చెప్తదా తమ్మీ? దొంగతనం చేస్తున్న అని ఎవలన్న చెప్తరా?"

"దొంగలు తీస్కపోతరు గని తెచ్చి పెడ్తరానే? ఆమె పెట్టింది గద!"

ఆ మాటతో ఇతని మీద కూడా అనుమానం వచ్చింది. వీళ్ళిద్దరూ కలిసే ఉన్నారేమో. లేకపోతే ఇంత వకాల్తా ఎందుకు? అప్పుడే కూర్చుని రిపోర్టు రాశాను. తేదీలు, సమయాలు, దారం, ఉంగరం, కత్తెర గురించి అడగడం, అన్నీ. అంత బాగా నేను ఏదీ రాయలేదు. కవరుతో సహా విశ్వవిద్యాలయం సెక్యూరిటీ ఆఫీసుకు పంపాను. డాక్టర్‌కు ముందుగా చెప్పనైనా లేదు. చెబితే అడ్డుపడుతుందని అనుమానం.

బుధవారం పొద్దున సెక్యూరిటీ ఆఫీసరు వచ్చాడు. ఆయన వెనక క్లీనింగ్ కంపెనీ సూపర్‌వైజరు. అతని చేతిలో ఒక పాస్‌పోర్టు ఉంది. ఆతేది. కంపెనీ వాళ్ళు పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని వచ్చారంటే దాని అర్థం గల్ఫ్‌లో బతికిన ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. వీసా క్యాన్సిల్ చేసి విమానం ఎక్కిస్తారు. ఆతే ఇద్దరు కూతుళ్ళను కాలేజీలో చదివిస్తోంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ రాశాను. అయినా లోపల ఒక గొంతు, నువ్వు చేసింది నీ డ్యూటీ అంటూనే ఉంది.

సూపర్‌వైజర్ని వరండాలో కూర్చోబెట్టి, స్టోరు బల్ల చుట్టూ మేం నలుగురం నిలబడ్డాం. డాక్టర్, ఆఫీసరు, ఆతే, నేను. తాను బల్ల మీద ఉంది.

"ఈ ఉంగరాలు నువ్వు కుట్టావా?" అన్నాడు ఆఫీసరు.

ఆతే తల దించుకుంది.

"ఎవరి కోసం గుర్తు పెట్టావు? బయట ఎవరున్నారు?"

డాక్టర్ మెల్లగా అడిగింది. అప్పుడూ మాట్లాడలేదు. చూశారా, నోరు మెదపదు, దొంగే, అనుకున్నాను. ఆఫీసరు జేబులోంచి పెన్ను తీసి, దాని కొనతో ఉంగరాన్ని పైకెత్తాడు. చేత్తో ముట్టుకోలేదు. గొంతు తగ్గించి డాక్టర్ వైపు చూస్తూ ఒక్క మాట అన్నాడు.

"సిహ్ర్?"

సిహ్ర్ అంటే చేతబడి. ఆతే మొహంలో రక్తం ఇంకిపోయింది. అప్పుడు అర్థమైంది నాకు, ఆమె ఎందుకు నోరు విప్పడం లేదో. దొంగ అంటే ఇంటికి పంపుతారు. చేతబడి అంటే సంగతి పోలీసుల దాకా, ఇంకా పైదాకా పోతుంది. పరాయి దేశంలో పనిమనిషిగా బతికిన ఏ ఆడమనిషికైనా ఆ మాట ఎంత భయమో మనవాళ్ళకు నేను చెప్పాలా? మా పక్క ఊళ్ళో ఒక ముసలామెను మంత్రాలు చేస్తదని స్తంభానికి కట్టేసిన రోజు నేను చూశాను. కట్టేసినవాళ్ళలో మా చుట్టాలు కూడా ఉన్నారు. ఆమె మీద అనుమానం ఎట్లా మొదలైందంటే, ఎవరో ఆమె గుమ్మం దగ్గర ఏదో ముడి కట్టి ఉండటం చూశారు. అంతే.

ఆఫీసరు తాను కొన పట్టి లాగాడు, ఇంకేమైనా ఉన్నాయేమోనని. మెరుగు పెట్టిన బట్ట కదా, సర్రున జారి సగం కింద పడింది. ఆయన దాన్ని దాటి ఇటువైపు రావడానికి కాలు ఎత్తాడు. ఆతే కేక వేసి మోకాళ్ళ మీద పడి, బట్టను రెండు చేతులతో ఒడిలోకి లాక్కుంది. ఆయన కాలు గాల్లోనే ఆగిపోయింది.

మాది సిరిసిల్ల దగ్గర నేత ఇల్లు. చిన్నప్పుడు పరిచిన పడుగును దాటబోతే మా అమ్మ ఇలాగే అరిచేది. చేతికి అందితే వీపు మీద ఒకటి వేసేది. మగ్గం మీద నుంచి బట్ట కోసేముందు మా నాన్న దండం పెట్టుకునేవాడు. ఎందుకని ఏనాడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అలాంటి ఇంట్లో పుట్టి, బట్టను నంబరుగా తప్ప చూడటం మానేసి ఎన్నేళ్ళయిందో! ఉంగరం సంగతేమిటో నాకు అప్పటికీ తెలియదు. అది దొంగ గుర్తు కాదని మాత్రం తెలిసిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"సార్," అన్నాను. "ఇది నా పొరపాటు."

ముగ్గురూ నా వైపు చూశారు.

"మాది నేతపని చేసే కుటుంబం. తాను పూర్తయితే నేసినవాళ్ళు కొనలకు ఇట్లా గుర్తు కుడతారు, ఎవరి తానో తెలియడానికి. ఈ ఉంగరాలు తానుతోనే వచ్చాయి. నేను లోపలికి తీసుకున్నప్పుడు పూర్తిగా విప్పి చూడలేదు. రిజిస్టరు తప్పు. ఆమె కుట్టలేదు."

"మరి దారం తెగిందని రాశావు?"

"ఏసీ గాలికి తెగి ఉంటుంది సార్."

డాక్టర్ నా వైపు తిరిగింది. "నేత ఇంట్లో పుట్టినవాడివి, సోమవారం గుర్తు పట్టలేదా?"

"పట్టలేదు మేడమ్."

ఆ ఒక్క జవాబులో అబద్ధం లేదు. ఆమె నా మాట నమ్మలేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆమె కార్డు తీసి, "కొనలకు ఇత్తడి ఉంగరాలు, నేసినవారి గుర్తు" అని రాసి, ఆఫీసరుకు చూపించింది. విషయం అయిపోయిందంది. తాను ఎవరూ కోయవద్దని కూడా అక్కడే చెప్పింది. సూపర్‌వైజరు పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను పంపిన ఉంగరం కవరు మాత్రం సెక్యూరిటీ ఆఫీసు నుంచి తిరిగి రానేలేదు. నాకు మెమో వచ్చింది, వస్తువును సరిగ్గా తనిఖీ చేయకుండా సంతకం పెట్టినందుకు. నా ఫైల్లో అదొక్కటే మెమో. చేయని తప్పుకు వచ్చింది, చేసిన తప్పుకు రాలేదు.

ఆతే ఉద్యోగం నిలబడింది. మరో నాలుగేళ్ళు అక్కడే పనిచేసింది. పని మాటలు తప్ప నాతో మాట్లాడలేదు. కూయా అనడం మానేసి సర్ అనడం మొదలుపెట్టింది. నేను కూడా ఏమీ అడగలేదు. ఆ ఉంగరం ఎందుకు కుట్టావని ఒక్క మాట అడగడానికి నాలుగేళ్ళలో నాకు నోరు రాలేదు. ఈలోగా కొత్త భవనం తెరిచారు. ఆ తాను అద్దాల బీరువాలోకి వెళ్ళింది. విద్యార్థులు వచ్చి నా అబద్ధాన్ని నోటుబుక్కుల్లో రాసుకుపోయేవాళ్ళు. ఒకామె తన వ్యాసంలో కూడా వాడుకుంది. ఫిలిప్పీన్స్ వాళ్ళ సంప్రదాయాన్ని పోకుండా కాపాడటానికి పెట్టిన చోట, సిరిసిల్ల మనిషి కల్పించిన సంప్రదాయం ఒకటి భద్రంగా దాచిపెట్టాం. సరిదిద్దుదామంటే నిజం ఆమె మెడకు చుట్టుకుంటుంది. నా మెడకు కూడాననే భయం లేదని చెబితే మళ్ళీ అబద్ధమవుతుంది.

ఆమె చిన్న కూతురి చదువు పూర్తయింది. ఆతే ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్ళిపోయే రోజు వచ్చింది. సాయంత్రం విమానం. పొద్దున అందరికీ చెప్పి, చివరికి స్టోరులోకి వచ్చింది. నేను ఖాళీ కార్డు ఒకటి బల్ల మీద పెట్టాను.

"ఇప్పుడు రాయొచ్చు," అన్నాను. "నువ్వు చెప్పు, నేను రాస్తాను."

కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఆ నారలో ఒక దేవత ఉంటుంది. కలలో డిజైను చూపించేది ఆమే. బట్టను దాటకూడదు. ఊరికే కోయకూడదు. కోయక తప్పకపోతే ముందుగా ఇత్తడి ఉంగరం కుట్టి ఆమెను ఒప్పించుకోవాలి. వాళ్ళమ్మ అలాగే చేసేది, అమ్మమ్మ అలాగే చేసేది. ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో మగ్గం ముందు కూర్చునేవాళ్ళు తగ్గిపోతున్నారు, ఇవి తెలిసినవాళ్ళు ఇంకా తగ్గిపోతున్నారు.

"ఒప్పించుకోకపోతే?" అన్నాను రాస్తూనే.

"కోసినవాళ్ళకు పెద్ద జబ్బు చేస్తుంది. ఒక్కోసారి చనిపోతారు."

"కోసినవాళ్ళకు" అని రాశాను. ఆమె వేలు కార్డు మీద పెట్టి ఆపింది.

"కోసేవాళ్ళు ఎవరో రాయండి, సర్."

"ఎవరు?"

"కాగితం మీ పేరున వచ్చింది. కత్తెర మీ సొరుగులో ఉంది. మీకు ముగ్గురు పిల్లలని గేటు దగ్గర అతను చెప్పాడు. చెబితే మీరు నవ్వుతారనుకున్నాను. అందుకే చెప్పకుండా కుట్టాను. అది కనబడకపోతే ఇంకోటి కుట్టాను."

పెన్ను కింద పెట్టాను. ఆమె నా కోసం కుట్టిన దాన్ని నేను బ్లేడుతో కత్తిరించి, కవరులో అతికించి, ఆమె మీద సాక్ష్యంగా పంపాను. ఆమె ఎదురుగానే ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, కోప్పడనూ లేదు. ఏడుపు ఆగేదాకా నిలబడింది.

తర్వాత నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. "తానును కోయవలసిన స్టోర్‌కీపర్‌కు కీడు కలగకూడదని ఈ ఉంగరాలను మ్యూజియంలో పనిచేసిన ఒక టిబోలీ స్త్రీ కుట్టింది. వాటిలో ఒకదాన్ని ఆ స్టోర్‌కీపరే దొంగ గుర్తు అనుకుని తీసేశాడు. అది తిరిగి దొరకలేదు." కింద సంతకం పెట్టాను.

ఆతే కార్డు తీసుకుని రెండుసార్లు చదివింది. తేదీ మరిచిపోయారంది. వేశాను. ఇంకోసారి చూసి, కార్డు బల్ల మీద పెట్టి, బస్సుకు టైమవుతోందని వెళ్ళిపోయింది.